ఆదివారం కూడా అలసటేనా?

ప్రశ్న: నేను విజయనగరంలో ఉంటూ నెల్లిమర్ల దగ్గర బడిలో పనిచేస్తున్నాను. ఆదివారం ఉదయం సండే స్కూలు, ఆరాధన, మధ్యాహ్నం బంధువులకు వంట, సాయంత్రం స్త్రీల కూడిక. కాసేపు నడుం వాల్చినా దేవుని పని మానేసినట్టు మనసు గుచ్చుకుంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, విశ్రాంతి దినపు ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల ఉంది. నిర్గమకాండము 20వ అధ్యాయం సృష్టిని కారణంగా చూపితే, ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం ఐగుప్తు దాస్యాన్ని గుర్తుచేసి, ఇంటివారితో పాటు దాసదాసీలకూ, ఎద్దుకూ, గాడిదకూ సైతం ఆ దినాన పని ఉండకూడదంటుంది. ఎద్దుకు దొరికిన విరామం ఇంటి ఇల్లాలికి దొరకకపోవడం ఆ ఆజ్ఞ ఉద్దేశం కానే కాదు. శిష్యులకు తినడానికైనా తీరిక లేనంతగా జనం వచ్చిపోతున్నప్పుడు, ఏకాంత స్థలానికి వచ్చి కొంచెం అలసట తీర్చుకొమ్మని యేసే వారిని పిలిచినట్లు మార్కు సువార్త 6వ అధ్యాయంలో చదువుతాం. వారు అప్పుడు చేస్తున్నది కూడా దేవుని పనే కదా!

యూదుల లెక్కలో దినం సూర్యాస్తమయంతో మొదలవుతుంది గనుక, మీరూ మీ ఆదివారాన్ని శనివారం సాయంత్రమే మొదలుపెట్టి, పులిహోర వంటిది ముందే కలిపి ఉంచవచ్చు. వంటింటి పనిలో భర్తనూ పిల్లలనూ కలుపుకోండి. బంధువులు ఏమనుకుంటారోనన్న బెంగ రెండు వారాల్లో పోతుంది. సండే స్కూలు బాధ్యతను మరొకరితో వారం విడిచి వారం పంచుకుంటానని పాస్టరుగారితో నేరుగా చెప్పండి. కూడిక లేని సాయంత్రం ఫోను ఇంట్లో పెట్టి, పెద్దచెరువు వైపు నడిచి రండి.