బెల్ట్ దగ్గర మొదలయ్యే కథ

చెల్లీ,

నీ కథ చదివాను. ఒకసారి మామూలుగా, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని. నలుగురమ్మాయిలు పన్నెండు రోజులు పారిస్, స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్, వెనిస్, రోమ్ తిరిగి ఇంటికొస్తారు, ఇదే కదా కథ, దీనికి ముప్ఫై పేజీలు రాశావు, అందులో ఇరవై ఎనిమిది తిరగడానికే సరిపోయాయి, ఇంటికి రావడానికి మిగిలినవి రెండే రెండు. నన్నడిగితే ఆ రెండు పేజీల్లోనే కథ ఉంది. మిగతావి నీ నోట్స్, పారేయమనట్లేదు, దగ్గర పెట్టుకో, పాఠకుడి నెత్తిన మాత్రం పెట్టకు. మొహం మాడ్చుకోకుండా ఇదంతా చదువు, తిట్టాలనుకుంటే ఇంత పెద్ద ఉత్తరం ఎందుకు రాస్తాను, ఒక ఎమోజీ పెట్టి ఊరుకునేదాన్ని.

ముందు చిన్న విషయం. నలుగురి పేర్లూ ఒకేలా ఉన్నాయి, ఒకే అక్షరంతో మొదలై ఒకేలా అయిపోతున్నాయి, పదో పేజీకి వచ్చేసరికి ఎవరెవరో మర్చిపోయి మళ్లీ వెనక్కి వెళ్లా. మార్చెయ్. ప్రస్తుతానికి నేను మ్యాప్ అమ్మాయి, లెక్కల అమ్మాయి, వాచీ అమ్మాయి, ఫొటోల అమ్మాయి అని పిలుచుకుంటున్నా, నీకు కోపం రాకపోతే.

తిరుగు ప్రయాణమే ఎందుకు అంటావేమో. ట్రిప్‌లో ఉన్నన్నాళ్లూ ఎవరూ మనసులో మాట చెప్పరు. అన్నేసి యూరోలు పోసి వచ్చాం, ఇక్కడ గొడవెందుకులే అని ఎవరికి వాళ్లు సర్దుకుపోతారు, రోజూ గంట లేటుగా లేచేదాన్ని ఏమనరు, రూమ్‌లో కిటికీ పక్క మంచం ప్రతిసారీ ఒకర్తే తీసుకున్నా నవ్వేసి ఊరుకుంటారు. అలా దాచుకున్నవన్నీ ఎక్కడికీ పోవు, అవి కూడా చెకిన్ అయ్యి అదే ఫ్లైట్లో వస్తాయి. ఎయిర్‌పోర్టులో లగేజీ బెల్ట్ తిరుగుతుంటే నలుగురూ నాలుగు చోట్ల నిలబడి ఫోన్ చూసుకుంటూ ఉంటారు చూడు, పన్నెండు రోజులు ఒకరినొకరు వదలకుండా తిరిగిన మనుషులు, ఎవరి పెట్టె వస్తే వాళ్లు వెళ్లిపోదామా ఆగుదామా అని లోపల్లోపల తేల్చుకోలేకపోతుంటారు. నీ కథ అక్కడ మొదలవ్వాలి. పారిస్ మధ్యమధ్యలో, అవసరమైనంత వరకే రావాలి.

ఇప్పుడు నీ ఈఫిల్ టవర్. 1889లో కట్టారు, 330 మీటర్ల ఎత్తు అని రాశావు. నిజమే, ఫోన్ తీస్తే ఎవరికైనా దొరికే నిజం. లెక్కలు రాయొద్దని కాదు, నాక్కూడా లెక్కలంటే ఇష్టం, కానీ ఆ లెక్క నీ మనుషుల్లో ఎవరికో ఒకరికి తగలాలి. రెండో అంతస్తు దాకా మెట్లెక్కి వెళ్లొచ్చు, 674 మెట్లు. లిఫ్ట్ టికెట్లు దొరకలేదనుకో, మోకాలి నొప్పి ఉన్న ఫొటోల అమ్మాయి మీరు వెళ్లండే నేను బ్యాగులు చూస్తా అని కింద కూర్చుంటుంది, వాళ్లు ముగ్గురూ పైనుంచి వీడియో తీసి గ్రూప్‌లో పెడతారు, ఆమె కింద నుంచి హార్ట్ పెడుతుంది. ఇంటికొచ్చాక ఎవరో పైనుంచి ఎలా ఉందే అని నలుగురినీ కలిపి అడిగితే ఆమె ఒక్క క్షణం ఆగి "చాలా బాగుంది" అంటుంది చూడు, అక్కడ పనికొస్తుంది ఆ 674. ఆ 330 నాకేం చేసింది చెప్పు?

జూన్ అని రాశావు, బాగుంది, కానీ వాడుకోలేదు. జూన్‌లో పారిస్‌లో సూర్యుడు రాత్రి పది దగ్గర పడుతుంటే అస్తమిస్తాడు. ఆ వెలుగులో నీ అమ్మాయిలకి ఆకలి ఎప్పుడేస్తుందో తెలీదు, వెనక్కి ఎప్పుడెళ్లాలో తెలీదు, రోజుకి రెండో సాయంత్రం దొరికినట్టుంటుంది. అలాంటి మనిషి ఇంటికొచ్చిన మొదటిరోజు ఏడింటికే చీకటి పడితే ఎవరో లైట్ తీసేసినట్టు అనిపించదూ? ఈ ఒక్క ముక్క ఉంటే సీన్ నది పక్కన నువ్వు పెట్టిన ఆ పెద్ద వర్ణన అక్కర్లేదు (ఆ పేరాలో "మంత్రముగ్ధులను చేసే" అనే మాట మూడుసార్లు ఉంది, లెక్కపెట్టా).

ఇక వాచీ సంగతి, దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతా. వాచీ అమ్మాయి ఇంటర్‌లాకెన్‌లో ఆరొందల ఫ్రాంకులు పెట్టి వాచీ కొంటుంది, తర్వాత రోమ్ ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర ఫారం మీద స్టాంపు వేయించుకుని ట్యాక్స్ రిఫండ్ (కొన్న వస్తువు దేశం దాటిస్తే తిరిగొచ్చే పన్ను) తీసుకుని హ్యాపీగా ఫ్లైట్ ఎక్కుతుంది అని రాశావు. అక్కడ పప్పులో కాలేశావు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో (సరిహద్దులో పాస్‌పోర్టు తనిఖీ లేకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లగలిగే దేశాల గుంపు) ఉంది కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు. షెంగెన్ కాబట్టి రైల్లో ఇటలీ వచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్ లైన్ అంటూ ఏమీ ఉండదు, సరిహద్దు దాటినట్టే తెలీదు. కానీ యూనియన్‌లో లేదు కాబట్టి ఆ వాచీ ఫారం మీద స్విట్జర్లాండ్ దాటేటప్పుడే స్విస్ కస్టమ్స్ ముద్ర పడాలి. పారిస్‌లో లెక్కల అమ్మాయి కొన్న హ్యాండ్‌బ్యాగ్ ఫారం రోమ్‌లో చెల్లుతుంది, ఎందుకంటే యూనియన్ వదిలి వెళ్లే ఆఖరి చోటు అదే. వాచీది చెల్లదు.

ఆ తప్పు దిద్దేసి ఊరుకోకు చెల్లీ, అది నీకు దొరికిన లంకెబిందె. రైల్లో వాచీ అమ్మాయి అడుగుతుంది, "ఈ ఫారం ఎక్కడైనా చూపించాలా?" అని. మ్యాప్ అమ్మాయి అప్పటికే తొమ్మిది రోజులుగా అందరి ప్రశ్నలకీ జవాబులు చెప్పీ చెప్పీ అలిసిపోయి ఉంది, కళ్లు మూసుకునే "అంతా ఒకటే షెంగెన్ కదే, చివర్లో చూసుకోవచ్చు" అంటుంది. రోమ్‌లో నలుగురూ లైన్లో నిలబడతారు, బ్యాగ్ ఫారం మీద స్టాంపు పడుతుంది, వాచీ ఫారం వెనక్కొస్తుంది. అప్పుడు మ్యాప్ అమ్మాయి సారీ అంటే కథ అక్కడితో అయిపోతుంది. అనదు. "నువ్వూ ఒకసారి చూసుకోవాల్సింది కదా" అంటుంది. అసలు పోయిందెంత? స్విస్ పన్ను 8.1 శాతం, ఆరొందల్లో అది నలభై అయిదు ఫ్రాంకులు, కమిషన్ పోతే నలభై చేతికొస్తే గొప్ప. పదేళ్ల స్నేహం నలభై ఫ్రాంకుల దగ్గర బీటలు వారుతుంది, పైకి చూస్తే డబ్బు, లోపల చూస్తే ఆ రైల్లో మూసుకున్న కళ్లు. ఫ్లైట్లో పక్కపక్క సీట్లే వస్తాయి ఇద్దరికీ, ఆ ఎనిమిదో తొమ్మిదో గంటలు పొడిపొడిగా మాట్లాడుకుంటారు, ముందు సీటు వాడి తల గురించి, కూల్‌డ్రింక్ గురించి. నువ్వు రాయాల్సింది ఆ మాటలు.

లూవ్ర్‌లో మోనాలిసా ముందు సెల్ఫీ సీన్ కూడా ఉంది కదా, అందరూ రాసేదే రాశావు, ఇంత చిన్న బొమ్మా అని. నిజంగానే చిన్నదే, 77 సెంటీమీటర్లు బై 53. కానీ అదే గదిలో సరిగ్గా ఎదురు గోడ మీద వెరొనీసె వేసిన "కానా పెళ్లివిందు" అనే బొమ్మ ఉంటుంది, దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియంలోకెల్లా పెద్ద పెయింటింగ్, గది నిండా జనం దానికి వీపు పెట్టి నిలబడతారు. నీ నలుగురిలో వెనక్కి తిరిగేది ఎవరు? నా ఉద్దేశంలో ఫొటోల అమ్మాయే, ఎందుకంటే ఆమె ఫోన్ మిగతా ముగ్గురి వైపు పెట్టాలి కాబట్టి ఎప్పుడూ ఎటో ఒకవైపు తిరిగే ఉంటుంది. 1911లో మోనాలిసా దొంగతనానికి పోయినప్పుడు బొమ్మ లేని ఆ ఖాళీ గోడ చూడ్డానికి జనం వచ్చారట, పోయిన బొమ్మ 1913లో ఫ్లారెన్స్‌లో దొరికే దాకా అది వార్తే. నీ కథలో కూడా ఒక ఖాళీ గోడ ఉంది, నువ్వు గమనించలేదు. రెండు వేల ఫొటోల్లో ఫొటోల అమ్మాయి ఎక్కడుంది? బహుశా రెండింట్లో, అందులో ఒకదాంట్లో కళ్లు మూసుకుని.

ఇంటికొచ్చాక ఆ ఫొటోలన్నీ ఆమె ఫోన్లోనే ఉన్నాయి. "ఫొటోలు పెట్టవే" అని గ్రూప్‌లో రోజూ మెసేజ్‌లు. పెడతా పెడతా అంటుంది, పెట్టదు. వారం దాటుతుంది. పన్నెండు రోజులు ఎవరూ పట్టించుకోని మనిషి చేతిలో ఇప్పుడు మొత్తం ట్రిప్ ఉంది, ఆమె పగబట్టింది అని కూడా రాయకు, ఆమెకే తెలీదు ఎందుకు పెట్టట్లేదో. నువ్వు చెప్పేశావంటే చెడిపోతుంది.

లెక్కల సెటిల్‌మెంట్ ఒక పేరాలో తేల్చేశావు, అదేంటమ్మా, అది బంగారం. వెనిస్‌లో గొండోలా పగటిపూట అరగంటకి 90 యూరోలు, అది పడవకి, మనిషికి కాదు. నలుగురెక్కితే తలా ఇరవై రెండున్నర, ఒకరు రాకపోతే ముప్ఫై. తలనొప్పని హోటల్లో పడుకున్న వాచీ అమ్మాయి వాటా కట్టాలా వద్దా? లెక్కల అమ్మాయి ఖర్చులు పంచే యాప్‌లో నలుగురికీ సమానంగా వేసేసింది, కావాలని కాదు, అలవాటులో. పైగా కార్డు ఆమెది, బ్యాంకు వేసిన రేటు వేరు, గూగుల్ చూపించే రేటు వేరు, మధ్యలో బ్యాంకు తీసుకునే మార్కప్ అని ఒకటి ఉంటుంది, అది ఎవరి మీద పడాలి? ఎవరూ పెద్దగా అరవరు. ఒకరు ముక్తసరిగా "ఓకే" అని పెట్టి డబ్బు పంపేస్తారు, పైసలతో సహా. రౌండ్ చేయకుండా పంపడం కంటే పెద్ద తిట్టు స్నేహంలో ఇంకోటి లేదు.

ఇంకో చిన్నది, చివర్లో నీ అమ్మాయి పాస్‌పోర్టులో స్టాంపులు తడుముతూ కూర్చుంటుంది. కథ ఏ ఏడాదిలో జరుగుతుందో చూసుకో. 2025 అక్టోబర్ 12 నుంచి షెంగెన్ వాళ్లు స్టాంపుల బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలుపెట్టారు. తడమడానికి ఏమీ లేకపోవచ్చు. నాణేలు పెట్టుకో కావాలంటే, మనీ ఎక్స్‌ఛేంజ్ వాళ్లు నోట్లు తీసుకుంటారు గానీ చిల్లర సాధారణంగా తీసుకోరు, అందుకే ప్రతి పర్సులోనూ అవి మిగులుతాయి. ఆస్ట్రియాలో ముద్రించిన ఒక యూరో మీద మొజార్ట్ ఉంటాడు, వాళ్లు ఆస్ట్రియా వెళ్లనే లేదు, అయినా అది వాళ్ల పర్సులోకి వచ్చింది.

యూరో నోట్ల మీద వంతెనలుంటాయి కదా, అవి ఎక్కడా లేని వంతెనలు, ఒక దేశానిది పెడితే ఇంకో దేశం నొచ్చుకుంటుందని ఊహించి గీశారు. తర్వాత నెదర్లాండ్స్‌లో స్పైకెనిస్సె అనే ఊరివాళ్లు వాటిని నిజంగానే కట్టేశారు. నాకిది చాలా ఇష్టమైన సంగతి, దీనికీ నీ కథకీ సంబంధం ఏంటంటే, కల్పించు, భయపడకు, కానీ ఎవరినీ నొప్పించకుండా ఉండాలని మాత్రం కల్పించకు. నేనా పని చేశాను. చాలా ఏళ్ల కిందట ముగ్గురం ఫ్రెండ్స్ వెనిస్ వెళ్లొచ్చాక ఒక వ్యాసం రాశాను, ముగ్గురం పడవలో కూర్చుని సూర్యాస్తమయం చూశాం అని. నిజానికి ఆ సాయంత్రం ఒకామె మాతో గొడవపడి రూమ్‌లోనే ఉండిపోయింది. గొడవ రాయడం ఇష్టంలేక ఆమెని కూడా పడవెక్కించేశాను, మంచిపనే చేశాననుకున్నా. అచ్చయ్యాక ఫోన్ చేసి, "నేను ఆ పడవలో లేను కదే" అంది. చదివేవాళ్లకేం తెలుస్తుందిలే అన్నాను. "నాకు తెలుస్తుంది కదా" అంది. తర్వాత మాట్లాడుకున్నాం, ఇప్పటికీ మాట్లాడుకుంటాం, కానీ ఆ వ్యాసం నేను ఏ పుస్తకంలోనూ వేసుకోలేదు.

నీ ముగింపులో నలుగురూ కౌగిలించుకుని "నెక్స్ట్ ట్రిప్ ఎక్కడికి?" అనుకుంటారు. అది వాళ్లని నువ్వు పడవెక్కించడం. తీసెయ్. యూరప్ నుంచి తూర్పుకి వచ్చారు, ఒంటికి ఇంకా రోమ్ టైమే, అర్ధరాత్రి దాటినా నలుగురికీ నిద్ర పట్టదు. నాలుగు ఇళ్లలో నాలుగు ఫోన్లు వెలుగుతుంటాయి, గ్రూప్ తెరిస్తే మిగతా ముగ్గురూ ఆన్‌లైన్‌లో ఉన్నట్టు ప్రతి ఒక్కర్తికీ కనిపిస్తూనే ఉంటుంది. ఒకర్తి ఏదో టైప్ చేస్తున్నట్టు చూపిస్తుంది, ఆగుతుంది, మళ్లీ చూపిస్తుంది. అక్కడి నుంచి ఏం జరగాలో నేను చెప్పను, నీ మనుషులు, నీకే తెలియాలి.

పన్నెండు పేజీలకి తెచ్చి పంపు, తొందరేం లేదు. అన్నట్టు ఆ ముద్ర పడని వాచీ ఫారం ఏమైంది? రోమ్‌లోనే చించేసిందా, ఇంటిదాకా తెచ్చుకుందా? నాకైతే తెచ్చుకుందనే అనిపిస్తోంది. ఎక్కడ పెట్టిందో రాయి.

ప్రేమతో,
అక్క