పెళ్లి దగ్గర పెట్టుకుని మొటిమలకు ఐసోట్రెటినాయిన్ వాడొచ్చా?

చెల్లెమ్మా, నీ ప్రశ్న చదివాను. చిత్తూరులో స్కిన్ డాక్టర్ ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాశారు, అయిదు నెలల్లో పెళ్లి, ఇంట్లోవాళ్లేమో లివర్ పోతుంది, పిల్లలు పుట్టరు అని భయపెడుతున్నారు. దానికి బదులు మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే ట్యూబు రాసుకోమంటున్నారు. నేను తిరుపతిలో ఉంటాను. పెళ్లికి ముందు ఈ మాత్రలే కోర్సు పూర్తిగా వాడాను. అలాంటి ట్యూబు వాడిన మనిషిని మా ఇంట్లోనే చూశాను. నాకు ఎక్కువ భయం ఆ ట్యూబంటేనే, కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను.

మా ఆడబిడ్డకు వారం తిరక్కుండానే మొటిమలు అణిగిపోయాయి, రంగు కూడా తేలింది. చూసినవాళ్లంతా ఏం వాడుతున్నావని అడిగారు. చిక్కల్లా మానేద్దామనుకున్నప్పుడు వచ్చింది. రాయకపోతే రెండో రోజుకే మొహం మంట, మళ్లీ రాస్తే హాయి. కొన్ని నెలలు పోయాక బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు కనబడ్డాయి, గడ్డం దగ్గర నూగు మొలిచింది, మొటిమలు ముందుకంటే గుంపులుగా వచ్చాయి. పొయ్యి దగ్గర కాసేపు నిలబడితే చాలు, మొహం కందిపోయేది. మే నెలలో మా తిరుపతి ఎండ నీకు తెలుసు కదా, చున్నీ కప్పుకోకుండా గడప దాటేది కాదు పాపం. స్కిన్ డాక్టర్ చూసి అది స్టెరాయిడ్ క్రీమని చెప్పి, మెల్లమెల్లగా మాన్పించారు. చర్మం తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

నీకు ఇచ్చిన ట్యూబు తిప్పి చూడు. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లుయోసినోలోన్, వీటిలో ఏ ఒక్క పేరున్నా అది మొటిమలకు రాసుకునే మందు కాదు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. చీటీ అడగకుండా ఇస్తున్నారంటేనే నువ్వు అనుమానించాలి.

ఇక మాత్రలు. ఇది విటమిన్ ఎ జాతి మందు. లివర్ భయం పూర్తిగా ఒట్టిది కాదు. కొందరిలో లివర్ ఎంజైములు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) పెరుగుతాయి. చాలామందికి ఆ పెరుగుదల కొద్దిగానే ఉంటుంది, డోసు తగ్గించినా, ఆపినా సర్దుకుంటుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి రక్తపరీక్ష చేయిస్తారు. నీ డాక్టర్ రాయకపోతే నువ్వే అడుగు. పెదాలు మాత్రం దాదాపు అందరికీ పగులుతాయి. నాకు నవ్వితే మూలల్లో చిట్లి రక్తం వచ్చేది, చిన్న వాజలిన్ డబ్బా లేకుండా కాలేజీకి వెళ్లేదాన్ని కాదు. కళ్లు పొడిబారడం, ముక్కులో రక్తం, నడుం నొప్పి కూడా కొందరికి వస్తాయి. మొదటి వారాల్లో మొటిమలు పెరిగినట్టు కనిపించొచ్చు. మాత్ర అన్నం తిన్నాక వేసుకో, కాస్త నెయ్యో నూనో ఉంటేనే ఒంటికి బాగా పడుతుంది.

పిల్లలు పుట్టరన్నది నిజం కాదు, కానీ దాని వెనక చాలా పెద్ద నిజం ఉంది. మాత్రలు వేసుకుంటుండగా గర్భం వస్తే బిడ్డకు గుండె, మెదడు, చెవుల లోపాలు రావచ్చు, గర్భం పోవచ్చు. మొదలుపెట్టే ముందు గర్భం లేదని పరీక్షతో తేల్చుకోవాలి. వాడినన్నాళ్లూ, ఆపాక ఇంకో నెల దాకా గర్భం రాకూడదు. కోర్సు మామూలుగా నాలుగు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నీ పెళ్లేమో అయిదు నెలల్లో! కాబట్టి మొహమాటపడకుండా ముహూర్తం తేదీ డాక్టర్‌కు చెప్పు. కోర్సు, ఆ పైన నెల, పెళ్లికి ముందే అయిపోవు అనిపిస్తే నా మాట ఒకటే: ఇప్పుడు మొదలుపెట్టొద్దు. బెంజాయిల్ పెరాక్సైడ్, అజెలాయిక్ యాసిడ్ లాంటి పూతలు అడుగు. అవి నెమ్మదిగా పనిచేస్తాయి, ఫలితానికి రెండు మూడు నెలలు చూడాలి. అడాపలీన్ జెల్ కూడా మంచిదే కానీ గర్భం అనుకున్నప్పుడు మానేయాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్లు, దిండు గలీబుల రంగు తినేస్తుంది, తెల్లవి వాడు.

పెళ్లి ముందు బ్యూటీ పార్లర్ ప్యాకేజీలో బ్లీచ్, వ్యాక్సింగ్ ఉంటాయి. ఈ మాత్రల మీద ఉన్నప్పుడు వ్యాక్స్ చేస్తే చర్మమే ఊడిరావచ్చు, ఆపాక కూడా ఆరు నెలలు ఆగాలంటారు. నలుగు పెట్టేటప్పుడు పెద్దమ్మలు, పిన్నులు ప్రేమ కొద్దీ గట్టిగా రుద్దేస్తారు. మొహానికి ఊరికే తాకించమని అమ్మతో ముందే చెప్పించు.

ఇంకొకటి. మన చిత్తూరు, తిరుపతి వైపు స్క్రబ్ టైఫస్ (సన్నటి పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం) వస్తే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు. ఐసోట్రెటినాయిన్‌తో కలిపితే మెదడులో ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. జ్వరమని ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఈ మాత్ర పేరు ముందే చెప్పు. తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా, మనసు అదేపనిగా దిగులుగా ఉన్నా మాత్ర ఆపి వెంటనే మీ డాక్టర్‌కు ఫోన్ చేయి. దిగులు సంగతి ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచు, మనకు తెలియకపోయినా వాళ్లు గమనిస్తారు.

డబ్బు ఇబ్బందైతే తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, ఉదయం వెళ్లు. మాత్రలు మిగిలితే మొటిమలున్నాయి కదా అని చుట్టాలమ్మాయికి ఇవ్వొద్దు. వాడేటప్పుడు, ఆపాక నెల వరకు రక్తదానం కూడా చేయకూడదు, ఆ రక్తం గర్భిణికి ఎక్కించే అవకాశం ఉంటుంది.