వాడుక ఇళ్ళు పట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి, అత్తయ్య ఆశీస్సులు.

ఉద్యోగం మానేసి 10 గేదెలు కొంటున్నావని, తెనాలిలో ఇంటింటికీ పాలు పోస్తానంటున్నావని, వాటితో పాటు పప్పులూ నూనెలూ కూడా అందిస్తావని మీ నాన్న చెప్పాడు. నాకు చాలా సంతోషంగా ఉంది నాన్నా. నేనూ మీ మామయ్యా 30 ఏళ్ళు చేసిన పని ఇదే. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఒక లెక్క చూసుకో. పాకలో 10 గేదెలుంటే పదీ పాలివ్వవు. ఎప్పుడు చూసినా రెండు మూడు వట్టిపోయి ఉంటాయి. మిగతా ఏడూ మంచి ముర్రా గేదెలైతే రోజుకు 50 లీటర్ల దాకా వస్తాయి. అదైనా చలికాలం మాట. మన వైపు గేదెలు ఎక్కువగా వానల్లో మొదలై సంక్రాంతి లోపు ఈనుతాయి. అందుకే పుష్యమాసంలో క్యాన్లు నిండిపోతాయి, ఎండలు ముదిరేసరికి పాలు పడిపోతాయి. ఇళ్ళల్లో పెరుగూ మజ్జిగా ఎక్కువ కావాల్సింది సరిగ్గా అప్పుడే. వాడుక ఇళ్ళు, అంటే రోజూ పాలు పోయించుకునే ఇళ్ళు, పట్టేటప్పుడు మే నెల పాలు కళ్ళ ముందు పెట్టుకో. 35 లీటర్లకు సరిపడా ఇళ్ళు చాలు. చలికాలంలో మిగిలినవి పాలకేంద్రానికి పోసెయ్, లేదంటే తోడుపెట్టి వెన్న తీసి నెయ్యి కాచు.

మేము ఈ లెక్క చూసుకోలేదు. అడిగిన ప్రతి ఇంటికీ సరేనన్నాం. ఒక వేసవిలో మూడు గేదెలు వారం తేడాలో వట్టిపోయాయి. తెల్లవారుజామున కొలిస్తే 8 లీటర్లు తక్కువ. నీళ్ళు కలపడం మీ మామయ్యకు చేతకాదు. పక్క ఊళ్ళో ఒకాయన దగ్గర పాలు తెచ్చి, టైమ్ అయిపోతోందన్న కంగారులో మన క్యాన్‌లోనే పోసేశాడు. ఏడున్నరకు మొదటి ఇంటావిడ గిన్నె పట్టుకుని వీధిలోకి వచ్చింది. పాలు పలుకులు పలుకులుగా విరిగి, పక్కన పసరు రంగు నీళ్ళు తేలుతున్నాయి. ఆ గిన్నె నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఆ పూట 20 ఇళ్ళల్లో పిల్లలకు పాలు లేవు. మీ మామయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాం. పాలు తగ్గేలా ఉంటే ముందురోజు సాయంత్రమే వెళ్ళి చెప్పేవాళ్ళం. పసిపిల్లలూ, మంచం మీద ఉన్న పెద్దవాళ్ళూ ఉన్న ఇళ్ళకు ముందు పూర్తిగా పోసి, మిగతా వాళ్ళకు సగం. ఇద్దరు మానేశారు. మిగతా వాళ్ళు మళ్ళీ గేదెలు ఈనేదాకా ఓపిక పట్టారు. నీకు ఫోన్ ఉంది, రాత్రి ఎనిమిదికల్లా మెసేజ్ పెట్టేయొచ్చు. తప్పక బయటి పాలు తేవాల్సి వస్తే వేరే క్యాన్‌లో ఉంచి, ఒక గరిటెడు చిన్న గిన్నెలో కాచి చూడు. పొంగేలోపు విరిగితే వెనక్కి పంపెయ్. పాల చిక్కదనం కొలిచే లాక్టోమీటర్ ఉంది కదా అని ధీమా పడొద్దు. మీగడ తీసేస్తే రీడింగ్ పెరుగుతుంది, నీళ్ళు పోస్తే తగ్గుతుంది. రెండూ చేసినవాడి పాలు అందులో మంచి పాలలాగే కనిపిస్తాయి.

వేసవిలో పాలుండాలంటే ఆ ఆలోచన ఏడాది ముందే ఉండాలి. గేదె చూడి 10 నెలల 10 రోజులు. ఏప్రిల్‌లో ఈనాలంటే ముందు ఏడాది జూన్‌లోనే చూడి కట్టాలి. ఎండల్లో గేదెకు మూగ ఎద, అరవదు, పైకి తెలియదు. రాత్రి పడుకునే ముందు ఒకసారి, తెల్లవారకముందు ఒకసారి వెనక నిలబడి జిగట తీగలు కారుతున్నాయేమో చూడు. మధ్యాహ్నం నీళ్ళు చల్లు, చెరువులో పడుకోనివ్వు.

పొదుగువాపుకు ఇంజెక్షన్ వేయించిన గేదె పాలు డాక్టర్ చెప్పినన్ని రోజులు ఎవరికీ పోయకు. పాలు చేపడానికి సూది వేసే ఆలోచన దగ్గరికి రానివ్వకు, దూడను వదులు. ముర్రుపాలు ముందు దూడకు. దాని కడుపు నిండాకే జున్ను.

ఇక సరుకులు. కొత్తలో అవసరం లేదు. పాలు ఆర్నెల్లు నాగా లేకుండా నడిచాక మొదలుపెట్టు. చుట్టూ ఏం పండుతుందో అదే తీసుకెళ్ళు: వరి కోతల తర్వాత మన మాగాణిలో వచ్చే మినుములు, దుగ్గిరాల పసుపు, నిమ్మకాయలు, నీ నెయ్యి. ఏ చేలోదని ఎవరైనా అడిగితే నువ్వు చెప్పగలగాలి. నెయ్యి ధర కట్టేటప్పుడు మొహమాటపడకు. కిలో నెయ్యికి దాదాపు 15 లీటర్ల పాలు పోతాయి, ఆ లెక్క విప్పి చెప్పు. పాల క్యాన్ పక్కన ఉల్లిపాయలు, ఎండుచేపలు పెట్టకు, పాలు వాసన పట్టేస్తాయి. సరుకుల డబ్బు అప్పటికప్పుడు తీసుకో. నెలాఖరు పాల కార్డులో కలిపితే నాగాల లెక్క తేలక, మంచి ఇళ్ళతోనే మాట పడాల్సి వస్తుంది.

ఇంకోటి, ఇది అత్తగా గట్టిగా చెబుతున్నాను. తెల్లవారుజామున నీతో పాటు లేచి పాలు పితికేది, క్యాన్లు వేడినీళ్ళతో తోమేది మీ ఆవిడే. ఆ అమ్మాయి కూలి కూడా ఖర్చులో రాయి, నెలనెలా చేతికివ్వు. మేము దాణా, తవుడు, పత్తిచెక్క అన్నీ రాసుకున్నాం గానీ నా కష్టం ఏ పుస్తకంలోనూ రాయలేదు. లాభం వచ్చిందని సంబరపడిన ఏళ్ళల్లో సగం నిజానికి నా కూలి డబ్బులే. ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసి బాధపడ్డాను.

గేదెల్ని పదీ ఒకేసారి కొనకు. ఇప్పుడు అయిదు, ఆర్నెల్లకు అయిదు కొంటే ఈతలు కూడా ఎడం పడతాయి. సంతలో నిండు పొదుగు చూసి మోసపోకు, ఒక పూట పితకకుండా తోలుకొస్తారు. రెండో ఈతో మూడో ఈతో చూసుకుని, వరసగా మూడు పూటలు పితికి కొలిచాకే బేరం. వెళ్ళేముందు నాకు ఫోన్ చెయ్యి. మోకాళ్ళ నొప్పులున్నా ఆ మూడు పూటలూ నేనే వచ్చి పితికి చూస్తాను.

మీ అత్తయ్య