నాలుగు స్లింగులు వేసినా మోసేవి రెండే

మీ ప్రశ్న: "12 మీటర్ల ప్రీకాస్ట్ కాలమ్‌ను మౌల్డులోంచి లేపడానికి లిఫ్టింగ్ బీము డిజైన్ చేస్తున్నాను. నాలుగు స్లింగుల మీదా బరువు సమానంగా పడాలంటే బీము ఎంత గట్టిగా ఉండాలి?"

ముందు మాటలు చెబుతాను: ప్రీకాస్ట్ కాలమ్ అంటే మౌల్డులో (అచ్చులో) ముందే పోసి తర్వాత నిలబెట్టే కాంక్రీటు స్తంభం, స్లింగు అంటే ఎత్తడానికి తగిలించే స్టీలు తాడు, లిఫ్టింగ్ బీము అంటే క్రేను హుక్కుకూ స్లింగులకూ మధ్య వేలాడే దూలం. బీము ఎంత గట్టిగా చేసినా బరువు సమానంగా పడదండీ. గట్టిగా చేసేకొద్దీ ఇంకా అధ్వాన్నం అవుతుంది కూడా. నాకిది పుస్తకంలో చదివితే రాలేదు, నాయుడుపేట దగ్గర ఒక గోడౌను పనిలో కాలమ్ పగిలాక వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లు. కాలమ్ 500 బై 500 మిల్లీమీటర్లు, పొడవు 12 మీటర్లు. అంటే 3 ఘనపు మీటర్ల కాంక్రీటు, ఏడున్నర టన్నులు. పైభాగంలో అటొకటి ఇటొకటి రెండు బ్రాకెట్లు, కలిపి ఇంకో 400 కిలోలు. ఎత్తడానికి పై ముఖంలో నాలుగు హుక్కులు పాతాం, రెండు చివరల నుంచీ సుమారు రెండున్నర మీటర్ల లోపలికి, ఒక్కో చోట రెండేసి. ఆ కొలత మాత్రం సరైనదే. పొడవులో 0.207 వంతు లోపలికి పట్టుకుంటే మధ్యలో వచ్చే వంపు, పట్టుకున్న చోట వచ్చే వంపు సమానమవుతాయి, కాలమ్‌కు తక్కువ శ్రమ. పైన బలమైన బీము, దానికి నాలుగు విడి స్లింగులు. లెక్క కూడా నేనే వేశాను: మొత్తం బరువును నాలుగుతో భాగిస్తే ఒక్కోదానికి రెండు టన్నులు, స్లింగు మూడు టన్నులది, ఇక భయమేముంది అనుకున్నాను.

ఆ ఉదయం క్రేను స్లింగుల్ని బిగిసేదాకా లాగి ఆగింది. మా దగ్గర శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్ద ఖలాసీ (తాళ్లు కట్టి బరువులు ఎత్తించేవాడు) ఒకాయన ఉండేవాడు. స్పానరుతో నాలుగు స్లింగుల్నీ వరసగా తట్టుకుంటూ వెళ్లాడు. మొదటిది ఖంగుమంది. రెండోది చప్పుడే లేదు, చేత్తో నెడితే ఊగింది. మూడోది మళ్లీ ఖంగుమంది. నాలుగోది కొంచెం బిగువుగా ఉందంతే. "బాబూ, ఈ తాడు మొయ్యట్లేదు, ఊరికే ఏలాడతంది" అన్నాడు. "లేస్తే అదే సర్దుకుంటుంది మేస్త్రీ, లెక్క సరిపోయింది, లేపించండి" అన్నాను.

సర్దుకోలేదు. కాలమ్ మౌల్డు విడిచి జానెడు లేచిందో లేదో, బిగుసుకున్న రెండు హుక్కుల్లో ఒకటి చుట్టూ ఉన్న కాంక్రీటును గరాటు ఆకారంలో పెకలించుకుని బయటికొచ్చింది. ఆ చివర దబ్బున మౌల్డులో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అందరూ దూరంగా నిలబడేలా చూసింది కూడా ఆ పెద్దాయనే. కాలమ్ నడుమ జుట్టు మందాన అడ్డంగా చీలిక, దాన్ని పక్కన పడేయాల్సి వచ్చింది.

తర్వాత టేపు పెట్టి కొలిస్తే ఆ ఊగే స్లింగు మిగతా వాటికంటే 40 మిల్లీమీటర్లు పొడవు. పాతది అరిగిపోతే స్టోర్సు వాళ్లు వేరే సెట్టులోంచి తీసి ఇచ్చారు. మూడు మీటర్ల స్టీలు స్లింగు రెండు టన్నులకు సాగేది కొద్ది మిల్లీమీటర్లే. ఆ 40 మిల్లీమీటర్ల వదులు ఎప్పటికి బిగుస్తుంది? అది వదులుగా ఉంటే దానికి ఎదురు మూలలో ఉన్నదీ దాదాపు ఖాళీయే, లేకపోతే తూకం నిలవదు. మిగిలిన రెండూ ఒక్కోటి నాలుగేసి టన్నులు మోశాయి. దానికి తోడు మౌల్డుకు నూనె సరిగ్గా రాయక కాంక్రీటు అంటుకుంటే ఆ పట్టు కూడా వాటి మీదే పడుతుంది. లేపాక్షి గుడిలో వేలాడే స్తంభాన్ని చూశారు కదా, కింద నుంచి గుడ్డ దూర్చి లాగుతారు. వరసలో అదీ స్తంభమే, కానీ నేల మీద బరువు మోపట్లేదు. వదులు స్లింగు పనీ అంతే.

గట్టి వస్తువుకు నాలుగు స్లింగులు వేస్తే రెండే మోస్తాయని లెక్కేయాలన్నది పాత రిగ్గింగు (తాళ్లతో బరువులు ఎత్తే పని) నియమం. దాన్ని అతి జాగ్రత్త అని కొట్టిపారేసే ఇంజనీర్లు ఇప్పటికీ ఉన్నారు. స్లింగుల్ని టన్నులు చూసి కొంటారే తప్ప నాలుగూ ఒకే పొడవున్నాయా అని కొలిచే కొనుగోలు విభాగాన్ని నేనింతవరకూ చూడలేదు. హైడ్రాల (బరువు తగిలించుకుని నడిచే చిన్న క్రేన్ల) సంగతైతే చెప్పనక్కర్లేదు. 14 టన్నుల హైడ్రా అంటే బూమ్ (క్రేను చెయ్యి) ముడుచుకుని బరువు దగ్గరగా ఉన్నప్పుడే 14 టన్నులు. ఎంత దూరంలో ఎంత ఎత్తగలదో చెప్పే చార్టు చూడకుండా కాలమ్ తగిలించి గుంటల రోడ్డు మీద నడిపిస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

సరే, మీ బీము. కావడి గుర్తు తెచ్చుకోండి. మోసేవాడి భుజం మీద ఒకే చోట ఆనుతుంది, రెండు వైపులా తూగితేనే నిలుస్తుంది. బీము క్రేను హుక్కుకు ఒకే పిన్ను మీద వేలాడాలి, అటూ ఇటూ వాలే స్వేచ్ఛ ఉండాలి. బీము రెండు చివర్లా ఒక్కో పుల్లీ పెట్టండి. ఒక్కో పుల్లీ మీదుగా ఒకే వైరు రోపు, దాని రెండు కొసలూ రెండు హుక్కులకు. తాడు ఒకటే కాబట్టి పొడవు కొంచెం అటూ ఇటూ అయినా పుల్లీ తిరిగి సర్దేస్తుంది, రెండు కొసల్లోనూ లాగుడు ఒకటే, పుల్లీ ఇరుసు రాపిడి తేడా తప్ప. తాళ్లు నిలువుగా దిగేలా చూడండి. నేలతో 30 డిగ్రీల కోణానికి వాలిస్తే రెండు టన్నుల చోట నాలుగు టన్నులు లాగుతుంది.

ఒక మెలిక ఉంది. పుల్లీలు బరువును సమం చేస్తాయి కానీ వాలడాన్ని ఆపవు. మా కాలమ్‌లో బ్రాకెట్లు మధ్య నుంచి మూడు మీటర్ల దూరంలో ఉండటంతో గరిమనాభి (మొత్తం బరువు తూగే బిందువు) 15 సెంటీమీటర్లు అటు జరిగింది. తర్వాతి కాలమ్‌కు మేం బీము పై ప్లేటులో 50 మిల్లీమీటర్లకొక రంధ్రం వేసి, మధ్య నుంచి అటువైపు మూడో రంధ్రంలో పిన్ను పెట్టాం.  కాలమ్ నీటిమట్టంలా లేచింది. పెద్దాయన మళ్లీ స్పానరు తీసుకుని నాలుగు కొసల్నీ తట్టాడు. నాలుగూ దాదాపు ఒకే మోత. నా వరకూ లోడ్ సెల్ (బరువు కొలిచే పరికరం) కంటే ఆ స్పానరు మోతనే ఎక్కువ నమ్ముతాను, ఎవరేమన్నా సరే.

ఇదంతా పడుకోబెట్టి ఎత్తేటప్పటి సంగతి. సైటులో నిలబెట్టేటప్పుడు లెక్క వేరు. మొదట్లో సగం బరువు నేల మీదే ఉంటుంది, నిలువయ్యాక మొత్తం కాలమ్ పైభాగంలో అడ్డంగా దూర్చే పిన్ను మీదకు వచ్చేస్తుంది. ఆ పిన్నుకు అటూ ఇటూ వేసే రెండు తాళ్లకూ పైన ఒక పుల్లీ పెట్టండి.

మీ కాలమ్‌కు బ్రాకెట్లు రెండు పక్కలా ఉన్నాయా, ఒకవైపే ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. ఒకవైపే అయితే నేను చెప్పినట్టు పుల్లీలు పెట్టగానే కాలమ్ ఆ పక్కకు దొర్లుతుంది. కాంక్రీటు పోయకముందే హుక్కుల జతను కూడా బ్రాకెట్ వైపు జరపండి, జత నడిమి గీత గరిమనాభి మీదుగా పోవాలి. పోసేశాక జరపడానికి కుదరదు.