లాన్సర్ పుట్టుమచ్చ కథ కూ హులిన్ పుస్తకంలో ఎందుకు దొరకట్లేదు: సమాధానం

'ఫేట్ జీరో' అనిమేలో లాన్సర్ (పురాణాల నుంచి పిలిపించిన ఈటె వీరుడికి అక్కడి పేరు) ముఖం మీది పుట్టుమచ్చ కథ కోసం లేడీ గ్రెగరీ రాసిన కూ హులిన్ పుస్తకమంతా వెతికినా దొరకలేదని అడిగారు. మీరు వేరే వీరుడి పుస్తకంలో వెతుకుతున్నారు. అదే సిరీస్‌లోని 'ఫేట్ స్టే నైట్' లాన్సర్ కూ హులిన్, 'ఫేట్ జీరో' లాన్సర్ డియర్ముడ్. ఇద్దరిదీ ఐర్లండే, ఇద్దరి ఆయుధమూ ఈటే, అందుకే కలిసిపోతారు. కానీ కూ హులిన్‌వి ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్స్టర్ వీరుల కథలు, డియర్ముడ్‌వి ఫిన్ నడిపిన ఫియానా దళం కథలు.

1. మీ దగ్గరున్న లేడీ గ్రెగరీ 1902 నాటి కూ హులిన్ పుస్తకం పక్కన పెట్టండి. ఆవిడే 1904లో తెచ్చిన 'గాడ్స్ అండ్ ఫైటింగ్ మెన్' తీయండి. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉచితం.

2. నేరుగా డియర్ముడ్, గ్రాన్యాల కథకు వెళ్లకండి. చాలామంది ఇక్కడే మిస్సవుతారు. దానికి ముందు డియర్ముడ్ పేరుతోనే ఇంకో భాగం ఉంది, మచ్చ కథ అందులోనే. వేటకెళ్లిన డియర్ముడ్, అతని తోటివాళ్లు రాత్రి ఒక గుడిసెలో తలదాచుకుంటారు. అక్కడి అమ్మాయి తాను యవ్వనాన్నని చెప్పి, అతని నుదుటి మీద చెయ్యి పెట్టి ఒక మచ్చ వేస్తుంది. ఆ మచ్చ చూసిన ప్రతి స్త్రీ అతన్ని ప్రేమిస్తుంది. అనిమేలో అది కంటి కిందికి వచ్చింది.

3. ఇప్పుడు గ్రాన్యా కథ చదవండి. ఫిన్‌కి కాబోయే భార్య డియర్ముడ్‌ని కోరుకుంటుంది. జీరోలో లాన్సర్ యజమాని కెయ్నెత్, అతనికి కాబోయే భార్య సోలా, లాన్సర్ల మధ్య నడిచేది ఇదే.

4. అడవిపంది వేట దగ్గర నెమ్మదిగా చదవండి. గ్రాన్యా ఎర్ర ఈటె తీసుకెళ్లమన్నా వినకుండా పసుపు ఈటెతో వెళ్తాడు. పంది గాయంతో చావుబతుకుల్లో ఉన్న అతన్ని బతికించడానికి తెచ్చిన నీళ్లను ఫిన్ వేళ్ల సందుల్లోంచి కావాలనే జారవిడుస్తాడు. ఇది చదివాక జీరోలో లాన్సర్ యజమాని నమ్మకం కోసం అంతలా ఎందుకు తపిస్తాడో అర్థమవుతుంది.