సొంత ప్రోగ్రామింగ్ భాషలో ఫంక్షన్ పారామీటర్లకు టైపులు ఎలా ప్రకటించాలి?

మీ చిన్న భాషలో ఇప్పటివరకు పారామీటర్లకు (ఫంక్షన్ తీసుకునే విలువలకు) పేర్లు మాత్రమే ఉన్నాయని, ఇప్పుడు టైపులు (ఆ విలువ పూర్ణాంకమా, దశాంశమా, పాఠ్యమా అన్నది) కూడా చేర్చాలనుకుంటున్నారని, అయితే టైపు రాయడం తప్పనిసరి చేయదలచుకోలేదని చెప్పారు. టైపును పేరుకు ముందు రాయించాలా, తరువాత రాయించాలా, దానిని ఎప్పుడు తనిఖీ చేయాలి అన్నవి మీ ప్రశ్నలు. తెలుగు కీలకపదాలతో ఒక ఇంటర్‌ప్రెటర్ (ప్రోగ్రాంను చదివి నడిపే సాధనం) రాసుకుంటున్నప్పుడు నేనూ సరిగ్గా ఇక్కడే చాలా రోజులు ఆగిపోయాను. చివరికి నేను స్థిరపడిన రూపం ఇది (‘పని’ అంటే ఫంక్షన్, చివర ఉన్నది అది తిరిగి ఇచ్చే విలువ టైపు):

పని వైశాల్యం(పొడవు: దశాంశం, వెడల్పు: దశాంశం): దశాంశం

ముందు పేరు, తరువాత కోలన్, ఆ తరువాత టైపు. 1970లో వచ్చిన పాస్కల్ మొదలుకొని నేటి రస్ట్, కోట్లిన్, టైప్‌స్క్రిప్ట్ వరకు ఈ వరుసనే పాటిస్తున్నాయి. నేను దీనిని ఎంచుకున్నది మాత్రం పార్సర్ (కోడ్ నిర్మాణాన్ని గుర్తించే భాగం) సౌలభ్యం కోసమే. పేరు చదివాక తరువాతి టోకెన్ (కోడ్‌లోని ఒక పదం లేదా గుర్తు) కోలన్ అయితే టైపు ఉన్నట్టు, కామా గాని మూసే బ్రాకెట్ గాని అయితే లేనట్టు. ఒక్క టోకెన్ చూస్తే నిర్ణయం అయిపోతుంది. టైపును ముందు పెడితే, వాడుకరి తన సొంత టైపులు నిర్వచించుకోవడం మొదలుపెట్టిన నాటి నుంచి టైపూ పేరూ రెండూ లెక్సర్‌కు (కోడ్‌ను టోకెన్లుగా విడగొట్టే భాగానికి) ఒకే రకం ఐడెంటిఫైయర్లుగా, అంటే ఉత్త పేర్లుగా, కనిపిస్తాయి. సీ భాషలో (క)*గ అని ఉంటే అది గుణకారమో, టైపు మార్పిడో తేల్చడానికి క అన్నది టైపు పేరా కాదా అని పార్సర్ ముందే తెలుసుకుని ఉండాలి. ఆ భారం చిన్న భాషకు అక్కరలేదు.

పొడవు, వెడల్పు: దశాంశం అని రెండు పేర్లకు కలిపి ఒకే టైపు రాసే సదుపాయం ఇవ్వాలని మీకు అనిపించవచ్చు. దయచేసి ఇవ్వకండి. పాస్కల్‌లో ఒక గుంపుకూ మరో గుంపుకూ మధ్య సెమీకోలన్ ఉంటుంది, గో భాషలో టైపు లేని పారామీటరే ఉండదు, కాబట్టి అక్కడ ఇది చెల్లింది. టైపు ఐచ్ఛికమైన మీ భాషలో (పేరు, వయసు: పూర్ణాంకం) అని ఎవరైనా రాస్తే, పేరు అన్నది టైపు లేనిదా, పూర్ణాంకమా అన్నది చదివే మనిషికి కూడా తెలియదు.

నేను చేసిన అసలు పొరపాటు నిల్వ చేయడంలో జరిగింది. పేర్లను ఒక జాబితాలో, టైపులను మరొక జాబితాలో దాచాను. టైపు రాయని పారామీటర్ వచ్చినప్పుడు రెండో జాబితాలో ఏమీ చేర్చకపోవడంతో, అక్కడి నుంచి టైపులన్నీ ఒక స్థానం ముందుకు జరిగిపోయాయి. మూడో పారామీటర్ టైపు రెండోదానికి అంటుకుంది. తప్పు పార్సర్‌లో ఉంటే నేను రెండు రోజులు తనిఖీ చేసే కోడ్‌లో వెతికాను. ప్రతి పారామీటర్‌కూ సింటాక్స్ ట్రీలో (పార్సర్ తయారుచేసే, కోడ్ నిర్మాణాన్ని చూపే చెట్టులో) ఒక నోడ్ చేసి పేరు, టైపు, కోడ్‌లో అది ఉన్న వరుస (లైన్) సంఖ్య మూడింటినీ అందులోనే ఉంచితే ఈ తప్పుకు అవకాశమే ఉండదు. టైపును కూడా స్ట్రింగ్‌గా (ఉత్త అక్షరాలుగా) కాక నోడ్‌గానే ఉంచండి. రేపు జాబితా[పూర్ణాంకం] వంటి టైపు చేర్చినప్పుడు, మధ్యలో ఒక ఖాళీ ఎక్కువైనంత మాత్రాన రెండు ఒకే టైపులు వేరువేరుగా తేలకూడదు కదా.

తనిఖీని రెండు విడతలుగా చేయండి. మొదటి విడతలో ఫంక్షన్ల తలకట్టులు (ఫంక్షన్ పేరు, పారామీటర్లు, టైపులు ఉన్న మొదటి భాగం) మాత్రమే సేకరించి, రెండో విడతలో వాటి లోపలి భాగాలు చూడాలి. లేకపోతే ఒకదానినొకటి పిలుచుకునే రెండు ఫంక్షన్లలో మొదటిది తనిఖీ అయ్యేటప్పటికి రెండోది ఉన్నట్టే తెలియదు. పిలుపు దగ్గర ముందు ఆర్గ్యుమెంట్ల (పిలిచేటప్పుడు ఇచ్చే విలువల) సంఖ్య, తరువాత ఒక్కొక్కదాని టైపు సరిచూడాలి. పూర్ణాంకం ఇస్తే దశాంశంగా స్వీకరించాలా వద్దా అన్న నియమం ఒకే ఒక్క ఫంక్షన్‌లో ఉండాలి. నాలుగు చోట్ల రాస్తే నాలుగూ నాలుగు రకాలుగా తయారవుతాయి.

టైపు రాయించుకుని తనిఖీ చేయకుండా వదిలేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. పైథాన్ తన టైపు సూచనలను ప్రోగ్రాం నడిచేటప్పుడు తనంతట తాను సరిచూడదు, కానీ అక్కడ ఆ పని చేయడానికి వేరే సాధనాలు ఉన్నాయి. మీ భాషకు మీ ఇంటర్‌ప్రెటర్ తప్ప మరో దిక్కు లేదు. ముందుగా తనిఖీ చేయడం కష్టమనిపిస్తే కనీసం ఫంక్షన్‌లోకి అడుగుపెట్టే క్షణంలోనైనా చూసి, ఇలా చెప్పించండి:

12వ వరుస: ‘వైశాల్యం’ ఫంక్షన్‌లో ‘వెడల్పు’కు దశాంశం కావాలి, పాఠ్యం ఇచ్చారు.

పారామీటర్ పేరు, వరుస సంఖ్య నోడ్‌లోనే ఉన్నాయి కాబట్టి ఈ సందేశానికి అదనపు శ్రమ ఏమీ ఉండదు.