గ్రీజు పూసినా మెట్రో కీచు తగ్గకపోతే

బెంగళూరు మెట్రో వంపులో మాత్రమే కీచుమంటోందంటే, గ్రీజు పూసినా తగ్గలేదంటే, శబ్దం బహుశా లోపలి పట్టా పైభాగం నుంచి వస్తోంది. ఒకే ఇరుసుకు బిగించిన చక్రాలు వంపులో అడ్డంగా పట్టి జారుతూ గంటలా మోగుతాయి.

1. బెంగళూరు వాన ఎలాగూ వస్తుంది. పట్టాలు తడిసినప్పుడు కీచు తగ్గితే ఇదే కారణం అనుకోవచ్చు. టకటకమంటే వేరు, చక్రం ఒకచోట చదునుగా అరిగినట్టు.

2. చాలామంది వదిలేసేది ఇది: గ్రీజు పట్టా పక్క అంచుకే, అక్కడి అరుగుదల కోసం. పైన పూస్తే బ్రేకు పట్టదు. పైభాగానికి ఫ్రిక్షన్ మాడిఫయర్ (బ్రేకు పట్టు పోకుండా రాపిడిని అదుపులో ఉంచే పూత) కావాలి. మెట్రోవాళ్లకిచ్చే ఫిర్యాదులో ఆ పేరే రాయండి. ఉత్త ‘శబ్దం’ అని రాస్తే మళ్లీ గ్రీజు డబ్బాతోనే వస్తారు.

3. చక్రాలకు డ్యాంపర్లు (మోతను అణిచే బిళ్లలు, రింగుల్లాంటివి) పెట్టారా అనీ అడగండి.